పండుగింటి వరసలు

బంధువులు, స్నేహితులు ఒక పండుగ నెపాన రెండు మూడు రోజులు ఒకే ఇంట కూడటం సాహిత్యానికి కొత్త వస్తువు కాదు. తక్కిన దినాలలో ఎవరి ఊళ్ళో వారు దాచుకొన్న మాటలన్నీ ఆ కొద్ది రోజులలో ఒకే పంక్తిని విస్తళ్ళ ముందు కూర్చుంటాయి. లేచి వెళ్ళిపోదామంటే పండుగ వెళ్ళనివ్వదు. ఉన్నమాట అనివేద్దామంటే పెద్దలు అననివ్వరు. కాలం కొద్ది, చోటు ఇరుకు, మనుషులు ఎక్కువ. నాటకకర్తకు గాని కథకునికి గాని ఇంతకంటె అనువైన సన్నివేశం దొరకటం కష్టం.

ఇతర దేశాల రచయితలు దీనిని ఎంతగానో వాడుకొన్నారు. టి. ఎస్. ఎలియట్ 1939లో వెలువరించిన 'ది ఫామిలీ రీయూనియన్' నాటకంలో తల్లి పుట్టినరోజుకని కుటుంబం కూడుతుంది. అదే ఏడు ఫ్రెంచి దర్శకుడు ఝా రెన్వార్ తీసిన 'ఆట నియమాలు' అనే చిత్రంలో పల్లెపట్టు భవంతికి వేటకై వచ్చిన అతిథులు, ఆతిథేయులు, పనివారు ఒకరి ప్రేమలో ఒకరు చిక్కుకొని తుదకు ఒక ప్రాణం బలి అవుతుంది. ఇటువంటి రచనలలో ముడి ఎక్కువభాగం రహస్యంలో ఉంటుంది. ఒకరికి తెలిసినది వేరొకరికి తెలియదు. అది తెలిసిన క్షణాన ఇల్లు కూలుతుంది.

తెలుగు రచయిత ఈ వస్తువును చేపట్టినప్పుడు ఆ రచయితలకు లేని సాధనం ఒకటి అతని చేతిలో ఉన్నది. అది వరస. మన పండుగింట ముడి రహస్యంలో ఉండనక్కరలేదు. అందరూ వినేట్టు పిలిచే పిలుపులోనే ఉండవచ్చు. ఎవరు ఎవరిని ఏమని పిలిచారు, పిలవవలసినవారు ఎందుకు పిలవలేదు అన్న రెండు ప్రశ్నలతోనే ఒక కథ నడపవచ్చు. ఈ సంగతిని రచయితలు, ముఖ్యంగా అనువాదకులు, ఎంత జాగ్రత్తగా గమనించవలసి ఉన్నదో వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

వరస అంటే ఏమిటో తెలుగువారికి చెప్పనక్కరలేదనిపిస్తుంది. కాని నిత్యం వాడే పనిముట్టునే మనం పరీక్షించి చూడం. తండ్రికి తోడబుట్టినవాడు మనకు తండ్రివంటివాడు. పెదనాన్న, చిన్నాన్న అంటాము. తల్లికి తోడబుట్టినది తల్లివంటిది, పెద్దమ్మ, చిన్నమ్మ. వీరి పిల్లలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. తల్లికి తోడబుట్టినవాడు మాత్రం మామ. తండ్రికి తోడబుట్టినది అత్త. వారి పిల్లలు బావలు, మరదళ్ళు, వదినెలు, బావమరదులు. పిల్లనిచ్చినవాడూ మామే; భర్త తల్లీ అత్తే. అనగా పెళ్ళి కాకముందే పెళ్ళి మాట మన పిలుపులో కూర్చుని ఉన్నది. మేనమామ కూతుర్ని 'మరదలా' అని పిలిచిన ఆరేళ్ళ పిల్లవాడు తాను ఏమంటున్నాడో తెలియకయే ఒక హక్కును ప్రకటిస్తున్నాడు.

ఈ ఏర్పాటు లోకాన్ని ఆశ్చర్యపరచినదే. అమెరికా పండితుడు ల్యూయిస్ హెన్రీ మోర్గన్ 1871లో ప్రకటించిన బంధుత్వ గ్రంథంలో తమిళ, తెలుగు, కన్నడ పదాల పట్టికలను చేర్చి, వాటికీ ఇరోక్వాయ్ జాతివారి పదాలకూ ఉన్న పోలికను చూపాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే బోధాయన ధర్మసూత్రం దాక్షిణాత్యుల ప్రత్యేకాచారాలు ఐదింటిని లెక్కిస్తూ మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని పెళ్ళాడటాన్ని వాటిలో చేర్చింది. ఇరావతీ కార్వే 1953లో ప్రకటించిన గ్రంథంలో భారతదేశపు బంధుత్వ పద్ధతులను భాషాప్రాంతాలనుబట్టి విభజించి చూపారు. ఉత్తరాదిన ఆడపిల్ల పరాయివారి ఇంటికి వెళుతుంది, దక్షిణాదిన తరచు అయినవారి ఇంటికే వెళుతుంది అన్నది ఆమె చూపిన ముఖ్యమైన భేదం. 1955 నాటి హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల వివాహాలను నిషేధిస్తూనే, ఆచారం అనుమతించినచోట మినహాయింపు ఇచ్చింది. శాస్త్రం, సమాజశాస్త్రం, చట్టం మూడూ తలా ఒక కాలంలో గుర్తించిన ఈ భేదాన్ని కథకుడు గుర్తించకపోతే ఎట్లా?

మన సాహిత్యంలో దీనిని గుర్తించినవారు లేకపోలేదు. గురజాడ 'కన్యాశుల్కం' తీసుకొందాం. సెలవులకు ఇంటికి వెళ్ళే శిష్యుడు వెంకటేశం వెంట గిరీశం కృష్ణరాయపురం అగ్రహారానికి అతిథిగా చేరుతాడు. ఒక స్నేహితుడు, ఒక సెలవు, ఒక ఇల్లు. ఆ ఇంట వితంతువైన పెద్ద కూతురు, ముసలివానికి కట్టబెట్టబోతున్న చిన్న కూతురు. అదే సమయానికి అక్కడ ఉన్న మరొక చుట్టం కరటకశాస్త్రి. అతను అగ్నిహోత్రావధాన్లుకు బావమరిది. ఈ వరస లేకపోతే నాటకం లేదు. అగ్నిహోత్రావధాన్ల కోపానికి ఊరంతా బెదిరినా బావమరిది బెదరడు. బావను ఎగతాళి చేసే అధికారం బావమరిదికి పుట్టుకతో వచ్చింది. తోబుట్టువు నూతిలో దూకబోయినప్పుడు అడ్డుపడవలసినవాడూ, మేనకోడలి పెళ్ళి తప్పించటానికి ఎంత మాయకైనా పూనుకొనే హక్కు ఉన్నవాడూ అతడే. తుదకు అతడు పన్నిన మాయ కూడ వరసతో ఆడినదే: శిష్యునికి ఆడవేషం వేసి 'నా కూతురు' అని చూపి పెళ్ళి చేస్తాడు. ఆ ఇంట గిరీశానికి ఏ వరసా లేదు. వరస లేనివాడు ఇల్లంతా తిరగగలిగాడు. వరస ఉన్నవాడు ఇంటి పరువుకు కాపలా కాయవలసి వచ్చింది. కరటకశాస్త్రి చిన్నదానిని గురించి చూస్తుండగా గిరీశం పెద్దదానిని తీసికొని వెళ్ళాడు.

'కన్యాశుల్కం' తొలి కూర్పు అచ్చయిన 1897లోనే చేహోవ్ 'అంకుల్ వాన్యా' కూడ అచ్చయినది. ఇది యాదృచ్ఛికమే గాని, అనువాదకునికి పాఠం చెప్పే యాదృచ్ఛికం. ఇంగ్లీషు పేరు చూచి వాన్యా ఎటువంటి 'అంకుల్' అని ఎవరూ అడగరు. తెలుగు చేయబోయేవాడు అడిగి తీరాలి. వాన్యా సోన్యా తల్లికి తోడబుట్టినవాడు, అనగా మేనమామ. చనిపోయిన చెల్లెలి భర్త అయిన ప్రొఫెసరు అతనికి బావ. ఇన్నేళ్ళు ఆ బావ కోసం, మేనకోడలి కోసం ఎస్టేటు మీద చాకిరీ చేసిన బావమరిది, బావ వచ్చి ఆస్తి అమ్ముదామనగానే తుపాకి పట్టటం తెలుగు ప్రేక్షకునికి వివరించనక్కరలేదు. అది ప్రతి జిల్లాలోనూ ఉన్న కథ. చిక్కు వేరొకచోట వస్తుంది. ప్రొఫెసరు వెంట వచ్చిన రెండవ భార్య యెలేనాను వాన్యా ప్రేమిస్తాడు. మన లెక్కలో బావకు భార్య అయిన స్త్రీ చెల్లెలి స్థానంలోకి వస్తుంది. చనిపోయిన కూతురి తర్వాత అల్లుడు చేసుకొన్న పిల్లను ఆ పుట్టింటివారు తమ బిడ్డగానే చూసుకోవటం మన ఇండ్లలో కద్దు. కనుక తెలుగు వాన్యా యెలేనాను 'అమ్మా' అనో 'చెల్లీ' అనో పిలిస్తే అతని ప్రేమ రష్యాలో లేనంత ఘోరమవుతుంది. పేరు పెట్టి పిలిస్తే, ఇంతమంది మధ్య పేరు పెట్టి పిలిచాడే అన్న సంగతి మొదటి అంకంలోనే అంతా బయటపెడుతుంది. అనువాదకుడు ఏది ఎన్నుకొన్నా నాటకం మారుతుంది. ఎన్నుకోకుండా తప్పించుకొనే దారి మాత్రం లేదు.

తెలుగువారు తెలుగువారి మధ్యనే ఉన్నంతకాలం వరస గాలివంటిది, ఉన్నదని తెలియదు. వేరొక భాష వచ్చి ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు దాని బరువు తెలుస్తుంది. అటువంటి చోటు సూరతు నగరం.

తాపీనది ఒడ్డున మొగలాయీల కాలంలో గొప్ప రేవుగా వెలిగి, ఆ తర్వాత జరీకి, పట్టుకు, వజ్రాల సానకు, మరమగ్గాలకు పేరుపొందిన సూరతుకు తెలంగాణ నుంచి పద్మశాలి కుటుంబాలు పెద్దసంఖ్యలో చేరుకొన్నాయి. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల చేనేతవారు పూర్వం షోలాపురం, బొంబాయి, భివండీలకు వలస వెళ్ళిన దారికి ఇది కొనసాగింపు. చేతిమగ్గం చిక్కిపోయినకొద్దీ మరమగ్గం ఉన్న ఊరు పిలిచింది. సూరతులో లింబాయత్ ప్రాంతం తెలుగువారి వాడగా పేరుపొందింది. అక్కడ బతుకమ్మ ఆడతారు. నగర ప్రాథమిక విద్యాసమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒరియాలతోపాటు తెలుగు మాధ్యమంలో కూడ బడులు నడుపుతూ వచ్చింది. ఒక్క నగరపు పురపాలక బడులలో ఇన్ని భాషలు ఉండటమే ఆ ఊరి స్వభావాన్ని చెబుతుంది.

వలస వెళ్ళినవారి పండుగ పంచాంగాన్ని అనుసరించదు, మగ్గాన్ని అనుసరిస్తుంది. దసరా తెలంగాణవారికి పెద్ద పండుగ. కాని దీపావళి సరుకు కోసం మగ్గాలు ఊపిరి సలపకుండా తిరిగే కాలం అది. దీపావళికి గాని సూరతు బజారు మూతపడదు. మరునాడు గుజరాతీల కొత్త సంవత్సరం. పెద్దల ఇండ్లకు వెళ్ళి 'సాల్ ముబారక్' చెప్పుకొంటారు. ఆ తర్వాత లాభపంచమినాడు తిరిగి కొట్లు తెరుస్తారు. ఊరికి వెళ్ళగలవారు ఆ రోజులలో వెళతారు. వెళ్ళలేనివారి ఇంటికి ఊరే వస్తుంది. అట్లా చుట్టాలు వచ్చే రెండవ అదను ఉత్తరాయణం. జనవరి 14న సూరతు ఇంట ఉండదు, మిద్దె మీద ఉంటుంది. గాలిపటాలు, మాంజా, ఉంధియూ, జిలేబీ. మరునాడు 'వాసీ ఉత్తరాయణ్' పేర మళ్ళీ అదే సందడి. మన సంక్రాంతి, వారి ఉత్తరాయణం ఒకే తిథికి కలియటం వలన ఈ రెండు రోజులలో తెలుగిల్లు, గుజరాతీ ఇల్లు ప్రక్కప్రక్క మిద్దెల మీదికి చేరి ఒకరి మాట ఒకరు వింటాయి. పండుగ లేకయే ఊరు ఊరంతా చుట్టాల ఇండ్లకు చేరిన సందర్భమూ సూరతుకు తెలుసు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయాన లక్షలమంది నగరం విడిచి స్వస్థలాలకు వెళ్ళారు. ఏ వరస ఎంత బరువు మోయగలదో ఆ దినాలలో చాలమందికి తెలిసివచ్చి ఉంటుంది.

ఇప్పుడు రెండు భాషల పిలుపులను ప్రక్కప్రక్కన పెట్టి చూద్దాం. కొన్ని కలుస్తాయి. తెలంగాణలో తండ్రి తమ్ముణ్ణి 'కాక' అంటారు; గుజరాతీలోనూ 'కాకా'యే. కరీంనగరు ఇండ్లలో తండ్రిని పిలిచే 'బాపు' గుజరాతీ చెవికి కొత్తది కాదు. మన 'సడ్డకుడు' వారి 'సాఢూ'కు చుట్టమే. మన వియ్యంకునికి వారి 'వేవాయి' ఎదురు నిలుస్తాడు. కొన్ని నవ్వు తెప్పిస్తాయి. తెలుగిల్లాలు మిద్దె మీదినుంచి 'బావా' అని కేకవేస్తే గుజరాతీ పొరుగామె, వీధిలో సన్న్యాసి ఎవరు వచ్చారా అని తొంగిచూడవచ్చు. గుజరాతీలో 'బావా' అంటే బైరాగి.

అసలు అగాధం వేరే ఉన్నది. 'మామా' అన్న మాట రెండు భాషలలోనూ ఒకటే. కాని గుజరాతీలో తల్లి తోడబుట్టినవాడు 'మామా', తండ్రి తోడబుట్టినదాని భర్త 'ఫూవా', పిల్లనిచ్చినవాడు 'ససరా'. ముగ్గురికి మూడు మాటలు. మనకు ముగ్గురూ మామలే. ఎందుకంటే ముగ్గురూ ఒక్కడే అయ్యే అవకాశాన్ని మన భాష ముందుగానే ఒప్పుకొన్నది. గుజరాతీలో మామ కొడుకు 'మామాయి భాయి'. పిన్ని కొడుకు 'మాసియాయి భాయి'. ఏ వైపునుంచి వచ్చినా భాయియే, బెన్నే. గుజరాతులో ఎక్కువ కులాలవారు మేనరికాన్ని ఎరుగరు. అక్క కూతురు వారికి 'భాణేజ్'. ఆమెకు పెట్టుపోతలు చేయటం పుణ్యం. అదే అక్క కూతుర్ని మేనమామకిచ్చి చేసే ఆచారం మనకు ఉన్నది. పైగా గుజరాతీలో ఏ పురుషుని పేరు చివర అయినా 'భాయి', ఏ స్త్రీ పేరు చివర అయినా 'బెన్' గౌరవార్థం చేరుతుంది. కనుక అక్కడ 'భాయి' ఒక చోట గట్టి గోడ, వేరొక చోట ఉత్త మర్యాద.

గుజరాతీ సాహిత్యానికి చుట్టాలు కూడిన ఇంటి కథ తెలియనిది కాదు. పదిహేడవ శతాబ్దికి చెందిన ప్రేమానందుడు 'కుంవర్‌బాయి నూ మామేరూ' అనే ఆఖ్యానం వ్రాశాడు. నరసింహ మెహతా కూతురు కుంవర్‌బాయికి సీమంతం. పుట్టింటివారు కానుకలు తేవాలి. భక్తుడైన తండ్రి నిరుపేద. అత్తవారింట చుట్టాలందరూ కూడి వేళాకోళం చేస్తుంటారు. భర్త అవ్వగారు తలకు మించిన కోరికలతో పెద్ద జాబితా చెప్పి వ్రాయిస్తుంది. తుదకు భగవంతుడు బట్టలవర్తకుని వేషాన వచ్చి ఆ కానుకలు తీరుస్తాడు. బట్టలవ్యాపారమే ఊపిరియైన సూరతులో నిలబడి చదివితే ఈ ఘట్టానికి మరింత అందం వస్తుంది. ఇందులో రహస్యమేమీ లేదు. తండ్రి పేదవాడని అందరికీ తెలుసు. పీడ అంతా ఆ పిలుపులో ఉన్నది: 'వేవాయి' అన్న మాటకు ఎంత బంగారం తూగాలి అన్న ప్రశ్నలో ఉన్నది. ఇక 1930వ దశకంలో జ్యోతీంద్ర దవే, ధనసుఖలాల్ మెహతా కలిసి వ్రాసిన హాస్యనవల 'అమే బధాం' సూరతు కుటుంబ జీవితాన్ని నవ్వుతో చిత్రించింది. ఆ పేరుకు 'మేమందరం' అని అర్థం. ఇద్దరు కలిసి వ్రాయటం కూడ ఆ పేరుకు తగియున్నది.

తెలుగు వరస, గుజరాతీ వరస ఒకే మిద్దె మీద కలిసినప్పుడు ఏమవుతుందో చూడటానికి ఒక ఇంటిని ఊహించుకొందాం. లింబాయత్‌లో ఒక మగ్గం కార్మికుని ఇల్లు. వృద్ధ దంపతులు, ఇద్దరు కొడుకులు, పెద్ద కోడలు, మనుమరాలు. మనుమరాలు సూరతులోనే పుట్టి కాలేజీలో చదువుతున్నది. ఉత్తరాయణానికి ఊరినుంచి ఆడబిడ్డ వచ్చింది. వెంట తన కొడుకును తెచ్చింది. చిన్నకొడుకుతోపాటు మగ్గం నడిపే స్నేహితుడు ఒకడు, వేరే జిల్లావాడు, పండుగ పూట ఒంటరిగా ఉంటాడని భోజనానికి పిలవబడ్డాడు. ఇంటి కొడుకులిద్దరూ అతణ్ణి ఆప్యాయంగా 'తమ్మీ' అంటారు.

మేనత్త మిద్దె మీద, 'మీ బావకు ఫిర్కీ పట్టు' అన్నది. గుజరాతులో ఒకరు గాలిపటం ఎగురవేస్తే వేరొకరు దారపు ఫిర్కీ పట్టుకొని వెనుక నిలబడాలి. ఎవరు ఎవరి ఫిర్కీ పడతారన్నది చుట్టూ ఉన్నవారు గమనించే సంగతి. పిల్ల ఫిర్కీ పట్టుకొన్నది. పట్టుకొని, 'భాయి, ఢీల్ ఇవ్వు' అన్నది. మేనత్త ముఖం నల్లబడింది. నాయనమ్మ నవ్వి, 'పట్నం పిల్ల, దానికేం తెలుసు' అన్నది. ప్రక్క మిద్దెమీది గుజరాతీ ఇల్లాలు మాత్రం సంతోషించింది. ఫోయి కొడుకు భాయి కాక మరేమవుతాడు?

ఇక్కడికి ఇది ఒక చమత్కారం మాత్రమే. ముడి ఇంకా లోతున ఉన్నది. ఇంటికి భోజనానికి వచ్చిన స్నేహితుడు రక్తసంబంధం లేనివాడు. అయినా తండ్రి అతణ్ణి 'తమ్మీ' అన్నాడు గనుక అతడు పిల్లకు కాక అయినాడు. ఒక్క ఆప్యాయపు పిలుపుతో తలుపు మూసుకొన్నది. రక్తసంబంధం ఉన్న మేనబావకు అదే ఇంట తలుపు బార్లా తెరిచి ఉన్నది. గుజరాతీ లెక్క దీనికి తలక్రిందు: మేనబావ భాయి కనుక తలుపు మూత, స్నేహితుడూ భాయియే అయినా అది ఉత్త మర్యాద కనుక అడ్డులేదు. పిల్ల ఈ రెండు లెక్కల మధ్య నిలబడి ఉన్నది. ఆమె మేనబావను అందరూ వినేట్టు 'భాయి' అన్నది. ఆ స్నేహితుణ్ణి మాత్రం రోజంతా ఏమనీ పిలవలేదు. అన్నం వడ్డిస్తూ 'ఇంకొంచెం' అన్నదే గాని దాని ముందు ఏ పిలుపూ లేదు. 'కాక' అనలేదు. 'భాయి' కూడ అనలేదు.

మన ఇండ్లలో పిలుపు లేకపోవటం ఎంత పెద్ద మాటో రచయితలకు తెలియనిది కాదు. భార్య భర్తను పేరుపెట్టి పిలవని కాలమంతా 'ఏమండీ', 'ఇదిగో' అన్న పిలుపు కాని పిలుపులతోనే గడిచింది. ఈ ఇంట రహస్యం బయటపడవలసిన పనిలేదు. ఉత్తరం దొరకవలసిన పనిలేదు. చాటునుంచి ఎవరూ వినవలసిన పనిలేదు. నాయనమ్మ ఒక్కతె ఆ లోపించిన పిలుపును విన్నదంటే చాలు, కథ నడుస్తుంది.

నాయనమ్మ అన్నట్లు ఆ పిల్ల తెలియక 'భాయి' అన్నదా? ఈ ప్రశ్న దగ్గర రచయిత తొందరపడరాదు. ప్రవాసాంధ్రుల పిల్లలను గురించి వ్రాసేటప్పుడు మనకొక అలవాటు ఉన్నది: వరస మరచిపోయారు, భాష పోయింది అని కంటతడి పెట్టి కథ ముగిస్తాము. మరచిపోవటం నిజమే కావచ్చు. కాని మరచిపోవటానికీ నిరాకరించటానికీ మధ్య భేదం ఉన్నది. మేనరికం వద్దనుకొనే ఆడపిల్లకు తెలుగులో ఒక్క మాట కూడ లేదు. 'బావ' అంటే ఒప్పుకొన్నట్లు, అనకపోతే పొగరు. గుజరాతీ ఆమెకు ఒక మర్యాదైన మాట ఇచ్చింది. ఎవరినీ నొప్పించకుండా, ఎదురు చెప్పకుండా, పండుగ చెడకుండా, రెండక్షరాలతో ఆమె ఒక పెళ్ళి తప్పించుకొన్నది. దగ్గరి బంధువుల వివాహాలవలన పిల్లలకు కలిగే జబ్బులను గురించి వైద్యులు చెప్పే మాటలు ఇంటింటికీ చేరుతున్న ఈ కాలంలో అటువంటి మాట అవసరం ఇంకా పెరిగింది. అమెరికాలో ఉన్న తెలుగిండ్లలో 'కజిన్' అన్న మాట ఇదే పని చేస్తున్నది. ఆ మాట బావకూ అన్నకూ ఉన్న భేదాన్ని చెరిపివేస్తున్నదని మనం విచారిస్తాము. చెరిపివేయటమే కొందరికి కావలసినదేమో అని ఆలోచించము.

దీనికి ఎదురుగా మేనత్త బాధ ఉన్నది. ఆమెను ఈ పుట్టింటినుంచి ఊళ్ళో ఇచ్చారు. తోబుట్టువులు సూరతు వెళ్ళారు. ఈ పెళ్ళి జరిగితే పుట్టింటి త్రోవ మరొక తరం తెరిచి ఉంటుంది. జరగకపోతే వచ్చే ఏడు పండుగకు ఆమె ఏ పేరున రావాలి? మేనరికాన్ని ఆస్తికోసం చేసే ఏర్పాటుగానే చూసేవారు ఈ ప్రశ్నను మరచిపోతారు. ఆడబిడ్డకు పుట్టింటితో ఉన్న బంధానికి అది ఒక హామీ. ఆ 'భాయి' అన్న పిలుపు పిల్లకు స్వేచ్ఛ, మేనత్తకు వెలి. ఇద్దరి పక్షానా న్యాయం ఉన్నప్పుడే కథకు ప్రాణం వస్తుంది.

పాత పిలుపులు చాలని బంధాలు కూడ పుట్టుకొస్తాయి. దీనికి సూరతు చరిత్రలోనే ప్రసిద్ధమైన నిదర్శనం ఉన్నది. ఆధునిక గుజరాతీ సాహిత్యానికి ఆద్యుడుగా గౌరవింపబడే నర్మద్ (1833–1886) సూరతువాడు. సూరతు విశ్వవిద్యాలయం నేడు ఆయన పేరు ధరించి ఉన్నది. ఆయన 1866లో 'మారీ హకీకత్' అన్న స్వీయచరిత్ర వ్రాశాడు. వితంతు వివాహాన్ని ప్రచారం చేయటంతో తృప్తిపడక, భార్య డాహీగౌరి ఉండగానే నర్మదాగౌరి అనే వితంతువును తానే పెళ్ళాడాడు. సంస్కర్త సాహసాన్ని చరిత్ర కొనియాడింది. ఆ ఇంట పండుగపూట ఇద్దరు స్త్రీలు ఒకరినొకరు ఏమని పిలుచుకొన్నారు? 'సవతి' అన్న పాత మాటలో సంస్కారం లేదు. 'అక్క' అన్న మాటలో నిజం లేదు. మన వీరేశలింగంగారు 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన తర్వాత కూడ ఇట్టి చిక్కే వచ్చి ఉండాలి. పెండ్లికి శాస్త్రం దొరికింది. ఆ దంపతులను పండుగకు పిలిచే ఇల్లు దొరకటం కష్టమయింది. సంస్కరణ కొత్త బంధాలను సృష్టించినంత వేగంగా భాష కొత్త పిలుపులను సృష్టించలేదు. ఆ నడిమి ఖాళీ కథకునిది.

అనువాదకులకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నవి. మన దేశభాషల మధ్య అనువాదాలు తరచు ఇంగ్లీషు మీదుగానో, హిందీ మీదుగానో సాగుతున్నవి. ఇంగ్లీషు మీదుగా వచ్చిన గుజరాతీ కథలో 'అంకుల్' కాకాయా, మామాయా, ఫూవాయా, మాసాయా తెలియదు. తెలుగు కథ అదే దారిన గుజరాతీకి వెళితే 'బావ' ఒకచోట 'కజిన్' అయి, వేరొకచోట 'బ్రదర్ ఇన్ లా' అయి, ఒకే మనిషి ఇద్దరుగా చీలిపోతాడు. హిందీ మీదుగా వస్తే కొంత మేలు. కాని అక్కడ కూడ బావ తప్పక 'భాయి'గానో, 'జీజా'గానో మారవలసినదే. కనుక చుట్టాలు కూడిన ఇంటి కథను అనువదించే ముందు ఆ ఇంటి వంశవృక్షం ఒకటి కాగితం మీద గీసుకోవాలి. ఎవరికి ఎవరు ఏమవుతారో మాత్రమే గాక, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారో కూడ దానిపై వ్రాసుకోవాలి. ఈ రెండింటికీ తేడా వచ్చిన చోట, అనగా వరస ఒకటై పిలుపు మరొకటైన చోట, కథ ఆయువుపట్టు ఉన్నదని గుర్తించాలి.

అటువంటి చోట మూలంలోని పిలుపునే ఉంచి, దాని అర్థం సన్నివేశంలోనే తెలిసేట్టు చేయటం ఉత్తమం. పైన చెప్పిన ఇంట ఫిర్కీ పట్టుకొన్న పిల్ల 'భాయి' అన్నప్పుడు అది 'అన్నయ్యా' అని తెలిగిస్తే కథ చచ్చిపోతుంది; ఆమె తెలుగు మాట కావాలనే వదిలి గుజరాతీ మాట పట్టుకొన్నదన్న సంగతి మాయమవుతుంది. పుట అడుగున వివరణ వ్రాయటం అన్నిటికంటె నీరసమైన మార్గం. వరస తెలియని పాఠకునికి దానిని నేర్పవలసినది మేనత్త ముఖం.

స్నేహితుల విషయంలో మరింత మెలకువ కావాలి. తెలుగు పల్లెలో కులం వేరైనా వరస కలుపుకొని మామా, అత్తా, బావా అని పిలుచుకొనే మర్యాద ఉన్నది. వలసపోయిన ఊళ్ళో ఆ మర్యాదే ఆస్తి. ఒకే ఊరినుంచి వచ్చిన ఇద్దరు, ఒకే మగ్గాల వరుసలో నిలబడిన ఇద్దరు, చుట్టాలు కాకపోయినా చుట్టాలవుతారు. అయితే స్నేహితుణ్ణి 'అన్నా' అనటానికీ 'బావా' అనటానికీ చాల దూరం ఉన్నది. అన్న అంటే అతని చెల్లెలు నీకు చెల్లెలే. బావ అంటే ఎగతాళికి, ఎడతెగని ఆశకు కూడ చోటు ఉన్నది. ఒక పాత్ర చేత స్నేహితుణ్ణి మొదటిసారి పిలిపించేటప్పుడే రచయిత తన కథ ముగింపులో సగం నిర్ణయిస్తున్నాడు.

సూరతు తెలుగిల్లు మన కథాసాహిత్యంలో ఇంకా తగినంత చోటు సంపాదించలేదు. షోలాపురం, బొంబాయి, భివండీల మాట కూడ ఇంతే. వాటిని గురించి వ్రాసేవారు మగ్గాల మోత, కూలి రేట్లు, ఇరుకు గదులు తప్పక చూడాలి. అక్కడ ఆగిపోతే చూసినది సగమే. ఆ ఇరుకు గదిలోనే పండుగనాడు రెండు భాషల బంధుత్వాలు ఎదురెదురుగా కూర్చుని భోజనం చేస్తున్నవి. ఏ పిలుపు నిలుస్తుంది, ఏది లోపిస్తుంది, ఎవరు దేనిని ఎందుకు ఎన్నుకొంటున్నారు అన్నవి అక్కడ ప్రతి ఏడూ, ఎవరూ ప్రకటించకుండానే, తేలుతున్న నిర్ణయాలు. వాటిని చెవిని పెట్టగలవాడు ముందు ఆ ఇంట ఎవరు ఎవరిని పిలవటం లేదో వినాలి.